మందు కొట్టాలా, వద్దా: తీర్పు ఎవరిది?

పంట, పురుగు, మనిషి: చరిత్ర ధారావాహిక – 9వ భాగం

(గత భాగంలో దోమల మందుగా వచ్చిన డీడీటీ చేలల్లోకి ఎలా దిగిందో చూశాం. ఈ భాగంలో పురుగుమందు చుట్టూ జరిగిన మరో పోరాటం: మందు ఎప్పుడు కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో నిర్ణయించే హక్కు రైతు చేతికి తిరిగి రావడం.)

వాన్‌లో నల్ల పురుగు

2003 సెప్టెంబరు. కెనడాలో టొరంటోకు ఉత్తరాన ఆనుకుని ఉన్న నగరం వాన్. ఈ రెండు నగరాల సరిహద్దు మీదున్న పారిశ్రామికవాడలో ఒక వింత పురుగు కనిపించింది. నిగనిగలాడే నల్లటి ఒళ్లు, దాని మీద తెల్లచుక్కలు, ఒంటికంటే పొడవైన మీసాలు. కబురు అధికారులకు చేరింది. చూసి గుండెలు బాదుకున్నారు. అది ఆసియా పొడుగు మీసాల పెంకుపురుగు. చైనా వైపు నుంచి సరుకులు మోసుకొచ్చే చెక్కపెట్టెల్లో దాక్కుని ఖండాలు దాటే రకం. దాని లార్వాలు మాపుల్ చెట్టు మానులోకి తొలుచుకుపోయి లోపల్లోపలే చెట్టును చంపేస్తాయి. జెండా మీదే మాపుల్ ఆకు పెట్టుకున్న దేశానికి ఇంతకంటే పీడ ఏముంటుంది?

కెనడా ఆహార తనిఖీ సంస్థ రంగంలోకి దిగింది. సుమారు 150 చదరపు కిలోమీటర్ల ప్రాంతానికి గిరి గీసింది. అందులోంచి కట్టెపుల్ల కూడా బయటికి పోకూడదని ఆంక్షలు పెట్టింది. పురుగు పట్టిన చెట్లతో పాటు, చుట్టుపక్కల దానికి ఆశ్రయమివ్వగల మంచి చెట్లనూ కొట్టేసి పొట్టు చేయించింది. అలా పోయినవి పాతిక వేలకు పైగా చెట్లు. ఇళ్ల పెరళ్లలో పిల్లలు ఊయల కట్టుకున్న మాపుళ్లూ పోయాయి. పదేళ్ల నిఘా తర్వాత, 2013 ఏప్రిల్‌లో, పురుగు పూర్తిగా పోయిందని ప్రకటించారు. ఆ ఏడాదే పక్కనున్న మిస్సిసాగాలో మళ్లీ కనిపించింది. మళ్లీ గిరి, మళ్లీ గొడ్డళ్లు. 2020లో గానీ రెండోసారి ఊపిరి పీల్చుకోలేదు.

ఇది పురుగు మీద యుద్ధంలో ఒక పద్ధతి. ఉత్తర్వు పై నుంచి వస్తుంది, ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటుంది, జనం కళ్లు తెరిచి చూసి కబురు చెబుతారు. పురుగు కొత్తగా వచ్చినప్పుడు, ఎక్కడ ఉందో గిరి గీయగలిగినప్పుడు ఇది పనిచేస్తుంది.

వాన్ నుంచి 400 నంబరు హైవే ఎక్కి ఉత్తరానికి అరగంట వెళితే పద్ధతి మారిపోతుంది. అక్కడ హాలండ్ మార్ష్ ఉంది. 1920ల చివర్లో బురదనేల నుంచి నీళ్లు తోడేసి సాగులోకి తెచ్చిన నల్లమట్టి పొలాలు అవి. ఒంటారియో వాళ్లు తినే క్యారెట్‌లో, ఉల్లిపాయలో పెద్ద వాటా ఇక్కడిదే. ఉల్లికి ఉల్లి ఈగ, క్యారెట్‌కు ముక్కుపురుగు, తుప్పు ఈగ. ఇవి కొత్త చుట్టాలు కావు, ఏటా వచ్చేవే. వీటిని నిర్మూలించమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేరు. అందుకని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం సాయంతో సర్వే పద్ధతి పెట్టుకున్నారు. సీజనంతా మనుషులు పొలం పొలం తిరిగి, నారింజ రంగు జిగురు అట్టలకు ఎన్ని ఈగలు అంటుకున్నాయో లెక్కపెడతారు. లెక్క గీత దాటితేనే మందు. ఆ సర్వేకు రైతులే రుసుం కడతారు. 1987లో ఒంటారియో ప్రభుత్వం వ్యవసాయంలో పురుగుమందుల వాడకాన్ని 2002 నాటికి సగానికి తగ్గిస్తామని లక్ష్యం పెట్టుకుంది. 1991 నుంచి, శిక్షణ పొంది పరీక్ష పాసైన రైతుకే వ్యవసాయ పురుగుమందు కొనే వీలు.

మరి పొలం ఎకరం, రెండెకరాలు, ఉత్తర్వు ఇచ్చినా అమలు చేసేవాడు లేడు, సర్వే మనిషికి కట్టడానికి రుసుం లేదు, పైగా మందు అమ్మేవాడే సలహాదారు. అలాంటి చోట ఏం చేయాలి? దీనికి జవాబు తెలుగు పల్లెల్లో తయారైంది. వాన్‌లో మాపుళ్లు కూలుతున్న రోజుల్లోనే ఖమ్మం జిల్లాలో ఒక చిన్న ఊరు తన జవాబును పంచాయతీ తీర్మానంగా రాసుకుంటోంది. దానికి ముందు జరిగింది కొంత తెలియాలి.

తెల్లదోమ నేర్పిన పాఠం

1970లలో హైబ్రిడ్ పత్తి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో సిరులు కురిపించింది. పొగాకు వదిలి పత్తికి మారిన రైతులు మేడలు కట్టారు. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చాయి. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ లాంటి పేర్లు పల్లెల్లో చిన్నపిల్లల నోళ్లలోనూ ఆడాయి. కొట్టిన గంటలో పురుగు రాలి కిందపడేది. కళ్లారా చూసిన ఫలితం కదా, ఎవరు కాదంటారు? ఒకసారి కొట్టేచోట రెండుసార్లు కొట్టారు, వారానికోసారి కొట్టారు. పక్కవాడు కొట్టాడని తామూ కొట్టారు.

ఆ మందులకు చచ్చింది శనగపచ్చ పురుగు ఒక్కటే కాదు, దాన్ని తినే సాలెపురుగులు, అక్షింతల పురుగులు, గుడ్లలో గుడ్లు పెట్టి చంపే బుల్లి కందిరీగలు కూడా. అడ్డు లేకపోయేసరికి, అంతకుముందు లెక్కలోకే రాని తెల్లదోమ విజృంభించింది. శనగపచ్చ పురుగేమో మందుకు అలవాటు పడిపోయింది. 1987-88 సీజన్‌లో రైతులు 20 సార్లు, 30 సార్లు కొట్టినా చేను దక్కలేదు. ఈ పురుగు పైరిత్రాయిడ్లను తట్టుకునే శక్తి తెచ్చుకుందని శాస్త్రవేత్తలు మన దేశంలో గుర్తించింది ఆ రోజుల్లోనే, ఈ జిల్లాల్లోనే. అప్పుల్లో మునిగిన పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేసిన తొలి సంవత్సరం కూడా అదే.

పదేళ్లకు పాఠం మళ్లీ చెప్పించుకోవాల్సి వచ్చింది. కోస్తా నుంచి వలస వెళ్లిన రైతులతో పాటు పత్తి తెలంగాణకు పాకింది. 1997-98లో వరంగల్ జిల్లాలో పొగాకు లద్దెపురుగు చేలను ఊడ్చేసింది. మళ్లీ మందులు, మళ్లీ అప్పులు, మళ్లీ చావులు. దేశం మొత్తం సాగుభూమిలో పత్తి వాటా 5 శాతం, పురుగుమందుల వాడకంలో దాని వాటా దాదాపు సగం అని లెక్కలు చెప్పిన కాలం అది.

ఈ విషాదంలో పురుగు పాత్ర ఎంతో, అప్పు పాత్ర అంత. విత్తనం, ఎరువు, మందు, పెట్టుబడి డబ్బు అన్నీ ఒక్క కొట్టులోనే దొరికేవి. పంట కూడా ఆ కొట్టువాడికే, అతను చెప్పిన ధరకే అమ్మాలి. నెలకు నూటికి మూడు, నాలుగు రూపాయల మిత్తి. చేలో మచ్చలున్న ఆకు తుంచుకుని రైతు కొట్టు దగ్గరికి వెళితే, ఆకు చూసి రోగం చెప్పేదీ, మందు ఇచ్చేదీ, బాకీ పద్దులో రాసుకునేదీ ఒక్కరే. ఆ ఒక్కరి జీవనాధారం మందు అమ్మకం. ఇక ‘ఈ వారం ఏమీ కొట్టనక్కర్లేదు’ అనే సలహా ఎక్కడి నుంచి వస్తుంది?

తొలకరి రాత్రి మంటలు

మార్పు పత్తి చేలో మొదలవలేదు. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు చెలక నేలల్లో, ఆముదం, వేరుశనగ మీద పడే ఎర్ర గొంగళి పురుగుతో మొదలైంది. 1980ల చివర్లో ఈ పురుగు వాన మీద బతికే రైతులను ఏడిపించింది. ఒంటినిండా బొచ్చు. ఎదిగాక దానిమీద మందు నిలవదు. ఒక చేను ఖాళీ చేసి దండులా పక్క చేలోకి నడిచి వెళుతుంది.

దాని బతుకు తెలిసినవాళ్లకు దాని లోపమూ తెలుసు. ఏడాదిలో ఎక్కువ కాలం అది మట్టిలో కోశస్థ దశలో నిద్రపోతుంది. తొలకరి గట్టిగా పడ్డ కొద్ది రోజులకు రెక్కల పురుగులన్నీ దాదాపు ఒకేసారి బయటికొస్తాయి. వెలుతురు కనబడితే దాని చుట్టూ చేరతాయి. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. అంటే ఆ నాలుగు రాత్రులే కిటుకు. అప్పుడు ఊరంతా చేలగట్ల మీద మంటలు వేస్తే పురుగులు వచ్చి అందులో పడి మాడిపోతాయి. వేసవి దుక్కులతో కోశాలు బయటపడి కాకులకు, కొంగలకు మేత అవుతాయి. తప్పించుకున్న పిల్లపురుగులు నడిచొచ్చే దారిలో గాడి తవ్వి జిల్లేడు మండలు, అడవి ఆముదం కొమ్మలు పరిస్తే వాటిని తినడానికి అక్కడే ఆగిపోతాయి. అప్పుడు ఏరి చంపవచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒక్క రైతు మంట వేస్తే ఊళ్లో పురుగులన్నీ అతని చేలోకే వస్తాయి. మేలు చేయబోయి నష్టపోయేది అతనే. అందరూ ఒకే రాత్రి, ఒకే గంటలో వేస్తే తప్ప పని జరగదు. కలిసికట్టుగా ఉండడం ఇక్కడ నీతివాక్యం కాదు, సాంకేతిక అవసరం. సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ సంస్థ, దానితో చేతులు కలిపిన శాస్త్రవేత్తలు ఊళ్లను ఇలా ఒక్కతాటి మీదికి తెచ్చారు. వాళ్లలో రాజమండ్రి కేంద్ర పొగాకు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా చేసిన ఎం.ఎస్. చారి, ఎన్.కె. సంఘీ ముఖ్యులు. ఇద్దరూ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనలో తలపండినవాళ్లే. ఎర్ర గొంగళి మీద గెలుపు వాళ్లకు ధైర్యమిచ్చింది. మందు లేకుండా ఒక పురుగును కట్టడి చేయగలిగినప్పుడు మిగతావాటిని ఎందుకు చేయలేం? పురుగుమందులు లేని సస్యరక్షణ అనే ఆలోచన ఇక్కడ రూపు దిద్దుకుంది.

జావా వరి మడిలో బడి

ఇంచుమించు అదే సమయంలో ఇండోనేసియాలో వరి రైతులు మరో దారిన ఇక్కడికే వచ్చారు. అక్కడ సుడిదోమ వరిని మాడ్చేస్తోంది. మందు కొట్టేకొద్దీ దోమ పెరుగుతోంది, ఎందుకంటే దాన్ని తినే సాలెపురుగులు ముందు చస్తున్నాయి. 1986లో అధ్యక్షుడు సుహార్తో ఒక్క ఉత్తర్వుతో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించాడు. మందుల మీద రాయితీనీ కొన్నేళ్లలో ఎత్తేశారు. 1989 నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో రైతులకు పొలంలోనే బడి పెట్టారు.

ఈ బడిని మన వ్యవసాయ శాఖ ‘పొలంబడి’ అంది. 2000 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పత్తి రైతులకు ఇవి విరివిగా నడిచాయి. పాతిక, ముప్పై మంది రైతులు సీజనంతా వారానికోసారి ఒకే చేనులో కలుస్తారు. అయిదుగురి చొప్పున జట్లు కట్టి చేలోకి దిగుతారు. కొన్ని మొక్కలను కింది ఆకు నుంచి చిగురు దాకా పరిశీలిస్తారు. గట్టుకొచ్చి పెద్ద కాగితం పరిచి మధ్యలో పత్తి మొక్క గీస్తారు. దానికి ఒక పక్క కనబడిన శత్రు పురుగులు, రెండో పక్క మిత్ర పురుగులు, పైన ఆ రోజు ఎండో మబ్బో, కింద నేల తడి. చదువు రానివాళ్లకూ బొమ్మ వస్తుంది. తర్వాత జట్టులో ఒకరు లేచి బొమ్మ చూపిస్తూ చెబుతారు: పచ్చదోమ ఇన్ని, అక్షింతల పురుగులు ఇన్ని, కాబట్టి ఈ వారం మందు అక్కర్లేదు. మిగతావాళ్లు ఎందుకని నిలదీస్తారు. వ్యవసాయాధికారి నేరుగా జవాబు చెప్పడు, ఎదురు ప్రశ్న వేస్తాడు. అక్షింతల పురుగు రోజుకు ఎన్ని పేనుబంక పురుగులు తింటుందని ఎవరైనా అడిగితే పుస్తకం తెరవరు. ఒక సీసాలో రెండింటినీ వేసి మూతికి గుడ్డ కట్టి, మర్నాడు లెక్కపెట్టమంటారు.

మరో పరీక్ష ఇంకా పదునైంది. కొన్ని మొక్కలకు కావాలనే ఆకుల్లో నాలుగో వంతు కత్తిరిస్తారు. సీజన్ చివర్లో వాటి కాయలను మిగతా మొక్కల కాయలతో పోల్చి చూస్తారు. మొదట్లో కొంత ఆకు పోయినా మొక్క తేరుకుని కాయలు నిలుపుకుంటుందని రైతు తన చేత్తో తుంచి, తన కంటితో చూస్తాడు. ‘ఆకు మీద రంధ్రం కనబడితే కొంప మునిగింది’ అనే భయం అక్కడ వదులుతుంది. పంపు భుజానికెత్తించేది ఆ భయమే.

పొలంబడి బయటపెట్టిన మరో నిజం ఇంటి ఆడవాళ్లది. ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పల్లెల్లో 50 మంది పత్తి మహిళా రైతులు తమకూ తమ ఇంటి మగవాళ్లకూ మందు కొట్టిన రోజుల్లో ఏమేం బాధలు కలిగాయో సీజనంతా తామే నమోదు చేశారు. 2005లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం 323 సందర్భాల్లో 83.6 శాతంలో విషప్రభావం లక్షణాలు కనిపించాయి. కొట్టేది మగవాడే, కానీ చిక్కటి మందు కలిపేదీ, పంపులో నింపేదీ ఆడమనిషి. ఆమెకూ ప్రమాదం అంతే. నరాల మీద తీవ్రంగా పనిచేసిన సందర్భాల్లో కూడా ఒక్కరూ ఆస్పత్రికి వెళ్లలేదు. ఒంటారియోలో పరీక్ష పాసైతే గానీ చేతికందని డబ్బా, ఇక్కడ ఒట్టి చేతులతో బకెట్‌లో కలుస్తోంది.

పునుకుల

పునుకుల అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలో, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. రెండు వందల గడపల ఊరు. పత్తి, మిర్చి పంటలు. 1990లలో ఇక్కడా అదే కథ: కొట్టులో బాకీ, ఇంట్లో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు, తాకట్టులో పట్టా పాసు పుస్తకాలు. 1999 ప్రాంతంలో సెక్యూర్ అనే స్థానిక స్వచ్ఛంద సంస్థ, వెనక సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అండతో, ఊరితో మాట్లాడడం మొదలుపెట్టింది.

మొదట్లో నవ్వినవాళ్లే ఎక్కువ. డబ్బా మందుకే చావని పురుగు వేపగింజ నీళ్లకు చస్తుందా? ప్రశ్నలో న్యాయముంది. వేప కషాయం పురుగును కొట్టిన గంటలో రాల్చదు. తిండి మీద ఏవగింపు పుట్టిస్తుంది, కుబుసం విడవనీయకుండా ఎదుగుదలను ఆపేస్తుంది. గుడ్డు పగిలి బయటపడ్డ చిన్న పురుగు మీద బాగా పనిచేస్తుంది. వేలెడంత ఎదిగిన పురుగు మీద దాని పప్పులుడకవు. ఎండలో తొందరగా సారం పోతుంది కాబట్టి సాయంత్రం కొట్టాలి. అయిదు కిలోల వేపగింజల పొడిని గుడ్డలో మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి వడకట్టి, కొంచెం సబ్బు కలిపి వంద లీటర్లు చేసుకోవాలి. ఇంత చేసినా, గుడ్లు ఎప్పుడు పెట్టిందో చూడనివాడికి అది దండగే. ఘాటు మందు రైతు అజాగ్రత్తను కొన్నాళ్లు కప్పిపుచ్చుతుంది. వేప ఆ అవకాశం ఇవ్వదు. అందుకే ఈ పద్ధతిలో అసలు మందు వేప కాదు, వారానికి రెండుసార్లు చేనులో తిరిగే కన్ను.

ఆ కన్నుకు పని చెప్పడానికి చేలో ఏర్పాట్లు చేశారు. పత్తి మధ్య అక్కడక్కడ ఆముదం మొక్కలు. లద్దెపురుగుకు పత్తికంటే ఆముదం ఆకు ఇష్టం. ఆకు అడుగున గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల కుప్ప పెడుతుంది. గుడ్లు పగిలాక పిల్లలన్నీ ఒకేచోట ఉండి ఆకు పచ్చదనాన్ని గీకేస్తాయి. ఆకు జల్లెడలా, తెల్ల కాగితంలా మారుతుంది. గట్టు మీద నడిచే మనిషికి అది దూరం నుంచే కనబడుతుంది. ఆ ఒక్క ఆకు తుంచి నలిపేస్తే కొన్ని వందల పురుగులు పోయినట్టే. శనగపచ్చ పురుగుకు ఎర బంతి. చేను చుట్టూ కంచెలా జొన్న. తెల్లదోమకు జిడ్డు రాసిన పసుపు అట్టలు. మగ పురుగులకు లింగాకర్షక బుట్టలు. పక్షులు వాలి పురుగులు తినడానికి పంగల కర్రలు. ఇంకా తప్పకపోతే పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం.

ముందు కొద్దిమంది ధైర్యం చేశారు. సీజన్ చివర దిగుబడి పక్కవాళ్లకు దీటుగానే వచ్చింది. మందుల ఖర్చు మాత్రం మిగిలింది. పంట డబ్బు కొట్టుకు పోకుండా ఇంటికొచ్చింది. మరుసటి ఏడు మరికొంతమంది చేరారు. ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలు ఇక్కడ పగ్గాలు పట్టాయి. వేపగింజలు ఏరి, ఎండబెట్టి, మిషన్‌లో పొడి పట్టి అమ్మడం వాళ్ల పని అయింది. ఇంట్లో మగవాళ్లు మళ్లీ డబ్బా తెస్తామంటే అడ్డుకున్నదీ వాళ్లే. కూలికి వెళ్లేవాళ్లకు చేలో వాంతులు, కళ్లు మంటలు తగ్గాయి. 2003-04 నాటికి పంచాయతీ తీర్మానం చేసింది: మా ఊళ్లో పురుగుమందు వాడం, అమ్మనివ్వం. మందుల కంపెనీల మనుషులు ఊళ్లోకి రావద్దని చెప్పేశారు. వందల ఎకరాల పత్తి ఒక్క చుక్క డబ్బా మందు లేకుండా పండింది. కొందరు తాకట్టు భూములు విడిపించుకున్నారు.

ఎరువులు మాత్రం మానమని ఎవరూ పట్టుబట్టలేదు. పూర్తి సేంద్రియం అంటే దిగుబడి ఏమవుతుందోనని రైతు జంకుతాడు. పురుగుమందు మానడమొక్కటే అయితే ఖర్చు వెంటనే తగ్గుతుంది, నష్టభయం తక్కువ. పునుకుల గెలుపులో ఈ పట్టువిడుపు పాత్ర పెద్దది. అక్కడి నుంచి మరో మెట్టు ఎక్కి రసాయన ఎరువులూ వదిలిన ఊరు అప్పటి వరంగల్ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని ఎనబావి. 2006లో ఊరు ఊరంతా సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది.

ఒక ఊరి నుంచి లక్షల ఎకరాలకు

ఒక ఊరు మారడం వార్త. వెయ్యి ఊళ్లు మారాలంటే యంత్రాంగం కావాలి. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, అప్పటికే ఊరూరా మహిళా సంఘాలను గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా నిర్మించింది. దాని సారథి ఐఏఎస్ అధికారి టి. విజయకుమార్. 2004లో స్థాపించిన సుస్థిర వ్యవసాయ కేంద్రం నుంచి జి.వి. రామాంజనేయులు బృందం సాంకేతిక సాయం అందించింది. 2004-05లో చిన్నగా మొదలైన ఈ కార్యక్రమం ‘సముదాయ ఆధారిత సుస్థిర వ్యవసాయం’ పేరుతో నాలుగైదేళ్లలో 3 లక్షల మందికి పైగా రైతులకు, 13 లక్షల ఎకరాలకు పైగా విస్తరించింది.

ఈ వేగానికి కారణం ఎవరు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నను తిరగేయడమే. పాత పద్ధతిలో విస్తరణాధికారి పైవాళ్లకు నివేదిక పంపేవాడు, రైతు లబ్ధిదారు. ఇక్కడ డబ్బు సమాఖ్య ఖాతాలోకి వస్తుంది. ఊరి కార్యకర్తకు జీతం ఇచ్చేది సమాఖ్య. అతను చేలోకి రాకపోతే నిలదీసేది సమాఖ్యలోని అక్కలే. పాఠం చెప్పేది కూడా రైతే. ఒక జిల్లాలో చేసి చూపినవాళ్లు ‘సీఆర్పీ’లుగా, అంటే ఊళ్లు తిరిగి అనుభవం పంచే రైతు గురువులుగా, ఇతర జిల్లాలకు వెళ్లారు. అప్పు కూడా పొదుపు సంఘం నుంచే దొరికేసరికి కొట్టువాడి పద్దుతో ముడి సడలింది.

తర్వాతి అధ్యాయం కూడా ఈ పునాది మీదే లేచింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ చేపట్టిన ప్రకృతి వ్యవసాయానికి నాయకత్వం మళ్లీ విజయకుమార్‌దే, దారి మళ్లీ మహిళా సంఘాలదే. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని అందుకున్న ముగ్గురిలో ఈ కార్యక్రమం ఒకటి.

లెక్కకు నిలిచింది, నిలవనిది

చరిత్ర రాసేటప్పుడు ఎదురుగాలి కూడా రాయాలి. ఇండోనేసియా పొలంబడులను పరిశీలించిన ఆర్థికవేత్తలు ఫెడర్, ముర్గాయ్, క్విజోన్ 2004లో ఒక చేదు మాట చెప్పారు. బడికి వెళ్లిన రైతుల దిగుబడిలో గానీ, మందుల వాడకంలో గానీ చెప్పుకోదగ్గ తేడా వాళ్లకు కనిపించలేదు. పక్క రైతులకు ఆ విద్య పాకనూ లేదు. దీన్ని కాదన్న అధ్యయనాలూ ఉన్నాయి, ఆ వాదన ఇంకా తెగలేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మందు కొట్టమనే సలహా డబ్బా మీద అచ్చయి ఊరూరికీ పోతుంది. వద్దనే సలహాకు అలాంటి వాహనం లేదు. అది సీజనంతా చేలో నిలబడి నేర్చుకోవాల్సిన విద్య.

రెండో బలహీనత భూమి. చేను ఎవరిదో వాళ్లదే నిర్ణయం అనుకుంటే, కౌలు రైతు ఎక్కడ నిలబడతాడు? కౌలు ముందే కట్టి, పంట మొత్తం పోతే గతేమిటనే భయంతో ఉన్నవాడు ఒక్క ఆకు రంధ్రాన్నీ ఉపేక్షించలేడు. అప్పు ఇచ్చేది కొట్టువాడే అయితే మందూ అతని దగ్గరే కొనాలి. మొదట వెనక్కి జారేది ఈ రైతులే.

మూడోది ఇంకా పెద్దది. పునుకుల రైతులు కన్నుతో, కలిసికట్టుతనంతో సాధించినదాన్ని గింజలోనే పెట్టి అమ్ముతామంటూ కొత్త సరుకు దిగింది. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతిచ్చింది. కాయతొలుచు పురుగును మొక్కే చంపుతుంటే ఆముదం ఆకులు తిరగేసేదెవరు, పొలంబడికి నడిచేదెవరు? కొన్నేళ్లలో తెలుగు నేల మీద పత్తి అంటే బీటీయే అయింది. కాయతొలుచు పురుగు మందులు మొదట్లో నిజంగానే తగ్గాయి. బీటీకి లొంగని రసం పీల్చే పురుగులు పెరిగాయి. ఆ తర్వాత గులాబీ రంగు పురుగు బీటీని కూడా అరిగించుకుంది. గులాబీ పురుగు కాయ లోపల దాక్కుంటుంది కాబట్టి పైనుంచి కొట్టే ఏ మందుకూ అందదు. దాన్ని పట్టాలంటే లింగాకర్షక బుట్టలో రోజూ ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో లెక్కపెట్టాలి, గుడ్డిపూలు ఏరాలి, సీజన్ అయ్యాక ఊరంతా ఒకేసారి పత్తి మోళ్లు పీకేయాలి. ఒక్కరు పీకకపోయినా మిగిలిన పురుగు మరుసటి ఏడు అందరి చేలల్లోకీ వస్తుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇప్పుడు కరపత్రాల్లో రాస్తున్న సలహాల్లో ఇవన్నీ ఉన్నాయి. మహబూబ్‌నగర్ చెలకల్లో మంటలు వేసిన రైతులకు ఇందులో వివరించాల్సిందేమీ ఉండదు.

(వచ్చే భాగం: 450 గ్రాముల పత్తి విత్తనం ప్యాకెట్ ధర మీద 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక బహుళజాతి కంపెనీతో ఎందుకు పోరాడింది, ఆ పోరాటంలో రైతు ఏం గెలిచాడు, ఏం ఓడాడు?)